చెక్కపై అక్షరాలు: గాడి తీయడం మేలా, ఉబ్బెత్తుగా చెక్కడం మేలా?

చెక్కపలకపై అక్షరాలు చెక్కదలచినవారు ఉలి పట్టకముందే ఒక సంగతి తేల్చుకోవాలి. అక్షరాన్నే లోపలికి తొలిచి వి ఆకారపు గాడిగా తీయవచ్చు, లేదా చుట్టూ ఉన్న చెక్కను దించి అక్షరాన్ని ఉబ్బెత్తుగా నిలపవచ్చు. చూడగానే ఘనంగా తోచేది రెండవదే అయినా, తెలుగు లిపికి సంబంధించినంతవరకు నా మొగ్గు గాడి వైపే.

కారణం మన అక్షరాల గుండ్రదనంలో ఉంది. ‘ఠ’ను ఉబ్బెత్తుగా చెక్కాలంటే లోపలి నేలను (అక్షరం చుట్టూ దించిన చదును భాగాన్ని) బయటి నేలతో సమానంగా దించుతూనే నడిమి చుక్కను నిలబెట్టాలి, రెండంగుళాలకన్నా చిన్న అక్షరంలో అంత ఇరుకుచోట ఉలి సరిగా తిరగదు. పైగా సన్నని వంపు చెక్క నారకు అడ్డంగా వచ్చినచోట నార పొట్టిదై, చిన్న దెబ్బకే పెచ్చు ఊడుతుంది. గాడిలోనూ ఈ చిక్కు లేకపోలేదు, దగ్గరదగ్గరగా వచ్చిన రెండు గాడుల మధ్య మిగిలే చెక్క లేచిపోవచ్చు. అయితే ఒత్తులను అక్షరానికి కాస్త ఎడంగా గీసుకుంటే అది చాలావరకు తప్పుతుంది.

గాడి లోతు మాత్రం మన చేతిలో పూర్తిగా ఉండదు. వాలుల మధ్య కోణం 60 డిగ్రీలైతే 10 మిల్లీమీటర్ల వెడల్పు గీతకు దాదాపు 8.7 మిల్లీమీటర్ల లోతు కావాలి, 90 డిగ్రీలైతే 5 మిల్లీమీటర్లు చాలు. కనుక పలుచని పలకపై లావు అక్షరాలు వేసేవారు కోణాన్ని విప్పుకోక తప్పదు. కోణం విప్పారేకొద్దీ నీడ పలచబడుతుంది, గాడి అక్షరం కనిపించేదేమో ఆ నీడవల్లనే. వెలుగు ఎదురుగా పడేచోట రంగు వేయవలసిందే. ముందుగా సీలర్ (రంగు చెక్కలోకి ఇంకకుండా ఆపే పూత) పూసి, గాడులలో రంగు నింపి, ఆరాక పలక పైభాగాన్ని పలుచగా చిత్రిక పడితే అంచులు కుంచెతో సాధ్యం కానంత తేటగా వస్తాయి.

దూరం నుంచి చూడవలసిన నాలుగైదు పెద్ద అక్షరాలకైతే ఉబ్బెత్తు పనే తగినది. అప్పుడు అక్షరపు పక్కలను అడుగున కాస్త వెడల్పయ్యేలా వాలుగా కోయాలి. లోపలికి తొలిస్తే అంచు బలహీనపడుతుంది. నేలను నున్నగా చేయాలన్న పట్టుదల అనవసరం, ఉలి గాట్లను అలాగే వదిలితే హెచ్చుతగ్గులు కనబడవు, అక్షరమూ విడిగా తేలుతుంది.

రౌటర్ (వేగంగా తిరిగే బిట్టుతో, అంటే కోత మొనతో, చెక్కను తొలిచే విద్యుత్ పనిముట్టు) ఈ రెండవ పనిలో నేలను దించడానికి బాగా అక్కరకు వస్తుంది, కాని గుండ్రని బిట్టు మూలలను గుండ్రంగానే వదులుతుంది కనుక వాటిని ఉలితోనే తీర్చాలి.