ఖాళీ బండికే తెలుస్తుంది లిఫ్ట్ యాక్సిల్ విలువ

సెకండ్ హ్యాండ్ లారీ అమ్మేవాడు మైలేజీ చెప్తాడు కానీ, అది లోడు మీదో ఖాళీ మీదో తేల్చడు. నా బండి విషయంలో లెక్కంతా ఆ తేడాలోనే ఉంది. పన్నెండు టైర్లు, బీఎస్-4 పొగ ప్రమాణం, పొగను శుద్ధి చేసే యూరియా ద్రావణం ట్యాంకు లేని రకం. ఇంజను, గేర్ల సంగతి అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది లిఫ్ట్ యాక్సిల్ గురించి, అంటే బండి ఖాళీగా ఉన్నప్పుడు గాలి ఒత్తిడితో పైకి ఎత్తేసే ఇరుసు.

నాది వాడపల్లి సిమెంటు కిరాయి. మిర్యాలగూడ, నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాదుకు లోడు, వచ్చేటప్పుడు దాదాపు ఎప్పుడూ ఖాళీ. అంటే బండి తిరిగే దూరంలో సగానికి పైసా కిరాయి రాదు. గోదాములో ఆఖరి బస్తా దిగాక మీట నొక్కితే, వెనక జంట యాక్సిళ్ల ముందున్న రెండు టైర్లు బుస్సుమంటూ నేలను వదిలి లేస్తాయి. రోడ్డును రాసుకునే టైర్లు తగ్గితే ఇంజనుకు లాగే శ్రమా కొంత తగ్గుతుంది. అలా లేచిన ప్రతిసారీ ఇప్పటికీ నాకు సంబరమే. డీజిలులో మిగిలేది మాత్రం నేను మొదట్లో తోటివాళ్లకు చెప్పినంత కాదు, లీటరుకు అర కిలోమీటరు లోపే. అసలు లాభం టైర్లలో వచ్చింది. మలుపుల్లో ఖాళీ బండి టైర్లను ఈడ్చి అరగదీస్తుంది, ఆ రెండింటికీ ఆ బాధ తప్పింది.

ఒక వానాకాలం మైలేజీ ఉన్నట్టుండి పడిపోయింది. ఫిల్టరు మార్చాను, బంకు మార్చాను, ఇంజెక్టర్లు చూపించాను. మాడ్గులపల్లి టోల్ దగ్గర వరుసలో ఆగి ఉంటే గాలి మీటరు ముల్లు కళ్ల ముందే కిందికి జారుతోంది, గాలి నింపే కంప్రెసరు మాటిమాటికీ అందుకుంటోంది. నార్కట్‌పల్లిలో మెకానిక్‌కు చూపిస్తే, "ఇంజను ఆపి విను అన్నా" అన్నాడు. బండి కింద సన్నగా సుయ్‌మంటోంది. డబ్బాలో సబ్బునీళ్లు కలిపి పాత బ్రష్షుతో, యాక్సిల్‌ను ఎత్తే రబ్బరు గాలి తిత్తి, అదే లిఫ్ట్ బెల్లో, చుట్టూ రాశాడు. రబ్బరు మడతలో, రాయి తగిలిన చోట, వెంట్రుకంత పగులు నుంచి బుడగలు ఉబ్బి పగులుతున్నాయి. కంప్రెసరును తిప్పేదీ ఇంజనే కదా! రోజంతా కారే గాలిని నింపడానికి నా డీజిలు పోతోంది. సరైన బెల్లో దొరికేదాకా యాక్సిల్ కిందే పెట్టి నడపాల్సి వచ్చింది. రెండోదీ అదే వయసుది కాబట్టి జత మార్పించాను. మైలేజీ తిరిగి వచ్చింది కానీ, ఆ నెల మిగులు బెల్లోలకే సరిపోయింది.

అందుకే కొనేముందు సాయంత్రం యాక్సిల్ ఎత్తించి, ఇంజను ఆపి, తెల్లవారి వచ్చి చూడండి. దిగిపోయి ఉంటే ఎక్కడో గాలి కారుతుండొచ్చు. లిఫ్ట్ టైర్ల అరుగుదల కొంత తక్కువగా ఉండటం సహజమే. మరీ కొత్తగా కనిపిస్తే మాత్రం లోడు మీద కూడా ఎత్తి నడిపారేమో అని అనుమానించాలి, ఆ బరువంతా మిగతా యాక్సిళ్లే మోసి ఉంటాయి. వెనక కమాను కట్టల్లో పగుళ్లు వెతకండి. 2018 జూలైలో యాక్సిల్ బరువు పరిమితులు పెరిగాయి కాబట్టి ఆర్సీలో మొత్తం బరువు ఎంత రాసి ఉందో కూడా చూసుకోండి, ఆ మాట బ్రోకర్లు తమంతట తాము ఎత్తరు.

స్టీరింగు నాదే, రిపేరు ఖర్చూ నాదే, సగం దారి ఖాళీ. ఇలాంటివాడికి ఈ బండి సరిపోయింది. మిర్యాలగూడ మిల్లుల బియ్యం కాకినాడకు తోలి, తిరుగు లోడు ఖాయంగా దొరికేవాళ్లకు లిఫ్ట్ యాక్సిల్ కోసం ఎక్కువ ధర పెట్టడం దండగేమో. బండిని జీతం డ్రైవరుకు అప్పగించేవాళ్లయితే, అతను ఆ మీట ఎప్పుడు నొక్కుతున్నాడో తెలిసే దారి ఉందా అన్నది ముందు ఆలోచించుకోవాలి.