హోర్నోయా: తలెత్తితే పక్షులు, తల దించితే పక్షులు

నార్వే ఈశాన్య కొసన, బారెంట్స్ సముద్రపు అంచున ఉన్న వార్డో పట్టణం నుంచి పడవలో పది నిమిషాలు వెళ్తే హోర్నోయా దీవి వస్తుంది. దీనిని అభయారణ్యం అనడానికి మనసొప్పదు, ఎందుకంటే ఇక్కడ ప్రధానంగా కనిపించేది గడ్డి, రాయి, పక్షులే.

నేలపట్టులో గూడబాతులను మంచె మీది నుంచి దూరంగా చూసి వచ్చిన నాకు, పడవ దిగిన కొద్ది అడుగులకే, నీటికాకి జాతికి చెందిన షాగ్ ఒకటి బాట పక్కనే గూట్లో కూర్చుని నన్ను ఏమాత్రం లెక్కచేయకపోవడం వింతగా తోచింది. పైనున్న కొండచరియ నిండా గిల్లెమాట్లు, రేజర్‌బిల్లులు, కిట్టివేకులు అనే సముద్రపక్షులు బారులు తీరి ఉంటాయి. గడ్డివాలులో బొరియలు చేసుకున్న పఫిన్లు రంగురంగుల ముక్కులతో బయటికి తొంగి చూస్తుంటాయి. గిల్లెమాట్ గూడు కట్టదు. వట్టి రాతి అంచు మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. పిల్ల మూడు వారాల వయసులో, ఇంకా ఎగరడం రాకముందే, అంచు నుంచి కిందికి దూకి తండ్రి వెంట సముద్రంలోకి ఈదుకుంటూ పోతుంది. జూన్‌లో వెళ్లినందువల్ల ఆ దృశ్యం నాకు దక్కలేదు. ముక్కు పక్కన సన్నని తెల్లగీత ఉన్న మరో జాతి, బ్రూనిక్ గిల్లెమాట్‌ను గుంపులో పోల్చుకోవడానికి మాత్రం దుర్భిణి తప్పనిసరి.

లోపాలూ ఉన్నాయి. మమ్మల్ని దించిన పడవవారు తిరుగు పడవ ఎన్నింటికో చెప్పారు గానీ, పక్షుల గురించి ఒక్క మాటైనా చెప్పలేదు. రెట్టల వాసన ఘాటుగా ఉంటుంది, టోపీ లేకపోతే ఫలితం నెత్తిమీదే తెలుస్తుంది. వేసవిలోనూ గాలి ఎముకలు కొరుకుతుంది. 2023లో పక్షుల ఫ్లూ వల్ల ఈ ప్రాంతంలో వేలాది కిట్టివేకులు చనిపోయాయి గనుక, బయలుదేరే ముందు స్థానిక ఆంక్షలేమైనా ఉన్నాయేమో కనుక్కోవడం మంచిది. గుర్తులు పెట్టిన బాట దాటి అడుగు వేయకూడదు.

దీవి చూసి అదే రోజు వెనుదిరిగితే వార్డోకు అన్యాయం చేసినట్టే. 1982లో తెరిచిన సముద్రగర్భ రహదారి సొరంగం ఈ ఊరిని ప్రధాన భూభాగంతో కలుపుతుంది. ఊళ్లో నక్షత్రాకారపు వార్డోహుస్ కోటను గంటలో చూసి ముగించవచ్చు. స్టెయిల్‌నెసెట్ స్మారకానికి మాత్రం ఎక్కువ సమయం కేటాయించాలి: పదిహేడవ శతాబ్దంలో మంత్రగత్తెలన్న నెపంతో చంపిన 91 మంది కోసం స్విస్ వాస్తుశిల్పి పీటర్ జుమ్‌థోర్ రూపొందించిన పొడవైన చీకటి నడవలో, ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్న కిటికీ, దాని దగ్గర ఒక దీపం. పక్కనే విడిగా ఉన్న కట్టడంలో శిల్పి లూయీజ్ బుర్జువా పెట్టిన కుర్చీ మధ్య మంట మండుతూ ఉంటుంది. నేను అక్కడ నిలబడినప్పుడు బయట కిట్టివేకుల అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి.