స్టెయిన్‌లెస్ స్టీల్‌కి స్పైరల్ ఫ్లూట్ ట్యాప్: నా అనుభవం

బాలానగర్‌లో మాది రెండు మెషిన్ల చిన్న వర్క్‌షాపు. సంక్రాంతి ముందు 304 స్టెయిన్‌లెస్ ఫ్లాంజ్‌ల ఆర్డర్ వచ్చింది. ఒక్కోదానికి ఎనిమిది ఎం8 (8 మి.మీ. మర) బ్లైండ్ హోల్స్, అంటే అవతలికి దూరని రంధ్రాలు. రంధ్రం లోపల మర కోసే పనిముట్టే ట్యాప్. చేతిలో ఉన్న స్ట్రెయిట్ ఫ్లూట్ (నిలువు గాడులున్న) ట్యాప్‌తోనే మొదలుపెట్టాను. మూడో పీసు, ఆఖరి హోల్‌లో టక్కున విరిగింది. పనంతా అయిన పీసు స్క్రాప్‌లో పడితే ఎంత బాధో ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుసు.

రాణీగంజ్ వెళ్లి కోబాల్ట్ కలిసిన హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) స్పైరల్ ఫ్లూట్ (మెలిక గాడులున్న) ట్యాపులు రెండు తెచ్చాను. ధర మామూలుదానికి రెండింతల పైనే. కానీ మొదటి హోల్‌లోనే తేడా కనిపించింది. చిప్స్ (కోసినప్పుడు వచ్చే లోహపు తురుము) అడుగున ఇరుక్కోకుండా చుట్టలు చుట్టలుగా పైకి వచ్చేశాయి. మిగతా ఆర్డరంతా ఒక్క ట్యాప్‌తోనే అయిపోయింది, రెండోది ఇంకా డబ్బాలోనే ఉంది.

ట్యాప్‌కి ముందు వేసే రంధ్రానికి చార్టులో డ్రిల్ 6.8 మి.మీ. ఉంటుంది, నేను 6.85 వేశాను. ఆ కాస్త తేడాకే ట్యాప్ మీద లోడ్ తగ్గుతుంది. 6హెచ్ (మామూలు టాలరెన్స్ క్లాస్) త్రెడ్‌కి లోపలి వ్యాసం 6.912 దాటకూడదు, కాబట్టి అంతకన్నా ఆశపడొద్దు. స్పీడ్ 240 ఆర్‌పీఎం, పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) 1.25 మి.మీ. కనుక ఫీడ్ నిమిషానికి 300 మి.మీ. కూలెంట్ కాదు, చిక్కటి ట్యాపింగ్ ఆయిల్ వాడాను.

ఒక్క లోపం: స్పైరల్ ట్యాప్ స్ట్రెయిట్‌దానంత గట్టిది కాదు. రెంచ్‌తో చేత్తో తిప్పేటప్పుడు కొంచెం వంగినా విరుగుతుంది. త్రూ హోల్స్‌కి (అవతలికి దూరే రంధ్రాలకి) మాత్రం గన్ ట్యాపే కొనండి, అది చిప్స్‌ని ముందుకు తోసేస్తుంది. కాస్ట్ ఐరన్‌కి పాత స్ట్రెయిట్ ఫ్లూటే చాలు.