ముడసర్లోవ ఒడ్డుకు రాయి మేలా, తుంగ మేలా?

ఒడ్డు కోసుకుపోకుండా రాళ్లు పరచాలని మా వీధిలో సగం మంది, నీటి అంచున పెరిగే తుంగ, జమ్ము గడ్డి నాటాలని మిగతా సగం. రోజూ పొద్దున్నే విశాఖపట్నంలోని ముడసర్లోవ జలాశయం దగ్గర నడిచే నేను తుంగ పక్షమే, కానీ ఒడ్డంతా కాదు.

ఆనకట్ట వైపు రాయే ఉండాలి. మట్టికట్టలో లోతుగా దిగిన వేళ్లు కుళ్లితే ఆ సందుల్లోంచి నీరు ఊరుతుంది. అక్కడ నేను వాదించను.

వాన నీరు దిగివచ్చే వైపు సంగతి వేరు. లోవ అంటేనే కొండల నడుమ పల్లం. గట్టి వాన పడితే కొండల ఎర్రమట్టి నీటితో పాటు కిందికి వస్తుంది. రాతి పరుపు మీద అది జారి నేరుగా జలాశయంలో పడుతుంది. తుంగ దుబ్బుల్లో నీటి జోరు తగ్గి ఆ మట్టి ఒడ్డు దగ్గరే ఆగిపోతుంది. మరి ఎండాకాలంలో నీరు వెనక్కి పోతే మొక్క చావదా అని అడుగుతున్నారు. మొన్న ఏప్రిల్‌లో బీటలు వారిన అడుసులోంచి ఒక దుబ్బు పీకాను. పైన ఆకులు కసవులా ఎండిపోయాయి. కింద నల్లటి గడ్డలు. గోటితో గిల్లితే లోపల తెల్లగా, తడిగా, కమ్మటి వాసన. తొలకరి పడగానే అవే మళ్లీ చిగురిస్తాయి.

దోమల గురించి తల్లులు పడే భయాన్ని కొట్టిపారేయలేను. డెంగీ దోమ చెరువులో కాదు, ఇళ్ల దగ్గరి తొట్టెల్లో, పాత టైర్లలో గుడ్లు పెడుతుంది. కానీ జమ్ము గోడలా అల్లుకుంటే చేపలు లోపలికి దూరలేవు, అక్కడ వేరే దోమల పిల్లపురుగులు హాయిగా పెరుగుతాయి. పైగా అది మనిషెత్తు దాటి నీటినే కనబడనివ్వదు, ఏటా కోయాలి. అందుకే నా ఓటు జమ్ముకు కాదు, తుంగకు. అదీ మధ్యమధ్య నీటి దారులు వదిలి. పై వాలుకు వట్టివేరు చాలు. ఇక పాములంటారా, నీటి అంచున ఎక్కువగా కనిపించే నీరుకట్టెకు విషం లేదు.

2018లో ఈ జలాశయం నీటి మీద 2 మెగావాట్ల సౌర ఫలకాలు వచ్చి కొంత నీటిని కప్పేశాయి. అందుకే నీటికోళ్లు గూడు కట్టుకోవడానికి ఒడ్డు మరింత అవసరమైంది. రాళ్ల మీద అవి గూడు పెట్టవు.

తుంగతో ఉన్న అసలు చిక్కు గేదెలు. మొదటి రెండేళ్లు కంచె, కాపలా లేకపోతే నాటిందంతా మేత అవుతుంది. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసి, వాగు కలిసే మూలన వంద గజాలతో ఈ తొలకరికే మొదలుపెడదాం.