స్వర్ణముఖి ఒడ్డున ఉక్కు షీటు గోడ: నాలుగు వానకాలాల తర్వాత

తిరుచానూరు దిగువన, ఏటిని ఆనుకున్న ఇంటి స్థలానికి 2022 ఏప్రిల్‌లో దించిన షీటు పైలు గోడ ఇది, అంటే అంచులు ఒకదానికొకటి లాకుల్లా తగులుకునే పొడవాటి ఉక్కు పలకలను నేలలోకి దించి కట్టే గోడ. ముందు తీర్పు: గోడ నిటారుగా ఉంది, స్థలం జానెడు కూడా కోసుకుపోలేదు. అయితే ఇంత బలాన్నిచ్చింది ఉక్కు ఒక్కటే కాదు. గోడ వెనక పోసిన కంకర, గోడ పాదం దగ్గర పరిచిన బండలు ఉక్కుకన్నా ఎక్కువ పని చేశాయి. కొటేషన్లలో ఈ రెండింటికీ ఒక్కో లైను మాత్రమే ఉంటుంది. బేరంలో ముందు కోతపడేవీ ఇవే.

2021 నవంబరు 18, 19 వరదలో ఇక్కడ ఒడ్డు మీది ఇళ్లు ఏట్లోకి ఒరిగిపోవడం అందరం చూశాం. నీళ్లు గోడలను గుద్ది పడగొట్టలేదు, పునాది కింది ఇసుకను తోడేశాయి. మీటరు లోతు పునాది మీద ఎంత మందం రాతి గోడ కట్టినా స్వర్ణముఖి ఇసుకలో గతి ఇదే. షీటు పైలు అలా కాదు. 6 మీటర్ల షీటులో 2 మీటర్లు పైకి కనబడితే 4 మీటర్లు ఇసుకలో దిగి ఉంటుంది.

లెక్క చెబుతా, కొటేషన్‌తో పోల్చుకోండి. ఏటి వైపు పొడవు 24 మీటర్లు. రెండు చివరలా గట్టులోకి 3.2 మీటర్ల చొప్పున మలుపు. 400 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. లోతు, 10.5 మి.మీ. మందం ఉన్న యూ ఆకారం షీట్లు 76. మీటరుకు 48 కిలోలు, అంటే మొత్తం 21.9 టన్నులు. మలుపులు తీసేస్తే నాలుగున్నర టన్నులు మిగులుతాయని ఎవరైనా అంటే వినొద్దు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానలకు నీళ్లు గోడను ఏమీ చేయలేక, చివర్లు దాటి పక్క స్థలాన్ని కోశాయి. మలుపు లేకపోతే అవే నీళ్లు గోడ వెనక్కి తిరిగేవి. పక్కవాళ్లతో కలిసి ఒకే గోడ వేయించుకోవడం అన్నిటికన్నా మేలు.

దించే పనిలో తేడా వచ్చేది వరసలో. షీట్లను ఒక్కొక్కటే పూర్తిగా దించుకుంటూ పోతే అవి పోయే వైపుకు వాలతాయి. పదో షీటు దగ్గరికొచ్చేసరికి పైన, కింద వెడల్పు కలవదు. అడ్డంగా పెట్టిన రెండు జాయిస్టుల (ఉక్కు దూలాల) మధ్య పది, పన్నెండు షీట్లు నిలబెట్టి, లాకులు ఎక్కించి, అన్నిటినీ విడతలవారీగా మీటరు మీటరు దించాలి. లాకు అడుగున బోల్టు బిగిస్తే అందులోకి ఇసుక ఎక్కదు. హిటాచికి తగిలించిన వైబ్రో హ్యామర్‌తో (అదురుతో షీటును దించే యంత్రంతో) ఇసుకలో షీటు సులువుగానే పోతుంది, గట్టి మొరం తగిలితే నిలబడిపోతుంది. అక్కడ బలవంతం చేస్తే అడుగు నలిగి లాకు విడిపోతుంది, పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. అందుకే ముందే బోరు వేయించి మట్టి చూడాలి. దగ్గర్లో పాత ఇటుక గోడలుంటే పని మొదలుకాకముందే వాటి పగుళ్లకు ఫొటోలు తీసి పెట్టుకోండి, వైబ్రో అదురు మామూలుగా ఉండదు.

పైనుంచి అర మీటరు కింద రెండు 150 మి.మీ. ఉక్కు చానళ్లు అడ్డంగా బిగించి, 2.4 మీటర్లకొకటి చొప్పున గోడను వెనక్కి పట్టి ఉంచే 32 మి.మీ. టై రాడ్లు పది. ఒక్కోటి 5 మీటర్లు వెనక్కి పోయి కాంక్రీటు దిమ్మెకు తగులుకుంటుంది. ఇంకా దగ్గర్లో దిమ్మె పోస్తే గోడతోపాటు జారే మట్టిలోనే అదీ ఉంటుంది, పట్టు ఉండదు. రాడ్డును నేరుగా మట్టిలో పూడ్చకుండా 110 మి.మీ. పీవీసీ గొట్టంలో పంపాలి. లేకపోతే పోసిన మట్టి కుంగినప్పుడు రాడ్డు మీద బరువు పడి నట్టు దగ్గర వంగుతుంది, తెగేదీ అక్కడే.

అసలు విషయం ఇప్పుడు. ఏటి గోడకు గండం వరద పొంగినప్పుడు కన్నా తీసినప్పుడే ఎక్కువ. శేషాచలం కొండల నీళ్లు, కళ్యాణి డ్యాం గేట్లు ఎత్తితే వచ్చే నీళ్లు రాత్రికి రాత్రే వస్తాయి, అంతే త్వరగా పోతాయి. ఏరు తగ్గినా గోడ వెనక మట్టిలో నానిన నీళ్లు తగ్గవు. ఏటి వైపు ఏమీ లేకుండా వెనక 2 మీటర్ల నీళ్లు నిలిస్తే మీటరు పొడవుకు 2 టన్నుల తోపు. 24 మీటర్లకు 48 టన్నులు, మట్టి తోపు దీనికి అదనం. అందుకే వెనక నీళ్లు బయటికి కారిపోయేలా గోడకు 75 మి.మీ. గొట్టాలు ఒకటిన్నర మీటరుకొకటి, ఏటి ఇసుక మట్టానికి కాస్త పైన. వాటి వెనక నీళ్లను వదిలి ఇసుకను ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, 20 మి.మీ. కంకర అడుగు మందాన.

రెండో ఏడు ఇందులోనే తప్పు బయటపడింది. నాలుగో గొట్టం దగ్గర నీళ్లతో పాటు సన్న ఇసుక వస్తోంది, గొట్టం కింద చిన్న కుప్ప కట్టింది. పైన నేలను గడ్డపార పిడితో తడితే మిగతా చోట్ల గట్టిగా, అక్కడ మాత్రం డొల్లగా మోగింది. తవ్వితే నీళ్ల బిందె పట్టేంత గుంట. గుడ్డ అతుకు దగ్గర ఒకదాని మీదికి ఒకటి అడుగు మేర ఎక్కి ఉండాల్సింది, పని చేసినవాళ్లు అంచుకు అంచు ఆనించి వదిలేశారు. విడిచిపెడితే మరో రెండు వానలకు పైనున్న నడక దారి కుంగేది. కంకర పోసేముందు అతుకులన్నీ మీరే దగ్గరుండి చూసుకోండి.

తుప్పు భయపడినంత లేదు. యూరోపియన్ ప్రమాణం మామూలు ఏటి నీళ్లలో, నీటి అంచు దగ్గర 50 ఏళ్లకు ఒక వైపు 0.9 మి.మీ. పోతుందని లెక్కేస్తుంది, బాగా మురికైన నీళ్లకైతే 2.3 మి.మీ. తిరుపతి మురుగు కలిసే చోటు కాబట్టి రెండో లెక్కే నమ్మాలి. 10.5 మి.మీ. మందానికి అదీ సరిపోతుంది, 6 మి.మీ. పల్చటి షీటుకు మాత్రం సరిపోదు. కోల్ టార్ ఎపాక్సీ రంగు రెండు కోట్లు, మొత్తం 400 మైక్రాన్లు వేస్తే, ఇసుక మట్టానికి జానెడు పైన వరద ఇసుక రాపిడికి రంగు లేచి నారింజ గీత పడింది. ఏరు ఎండే ఏప్రిల్‌లో తీగ బ్రష్షుతో గీకి మళ్లీ వేయాలి, ఏటా ఒక రోజు పని.

పాదం దగ్గర గుడ్డ పరిచి, 2 మీటర్ల వెడల్పున, రెండడుగుల మందాన 250 నుంచి 400 మి.మీ. బండలు ఏటి మట్టానికి దిగువకే పరిచాం. ఒకటి గుర్తుంచుకోండి: ఎగువనో దిగువనో ఇసుక తోడితే ఏటి మట్టం దిగుతుంది. మీటరు దిగిందంటే 2 మీటర్ల గోడ 3 మీటర్లవుతుంది, పాతిన 4 మీటర్లు 3కు తగ్గుతాయి. షీటు మీద రంగుతో మట్టం గుర్తు పెట్టి ప్రతి జనవరిలో కొలవండి.

మండల సర్వేయర్‌తో హద్దు తేల్చుకుని, జలవనరుల శాఖ అనుమతి తీసుకున్నాకే షీట్లు ఆర్డరివ్వండి. ఏటి పోరంబోకులోకి ఒక్క షీటు పోయినా చిక్కే.

చిత్తూరు వైపు, అడుగు తవ్వగానే గుండ్లు, రాయి తగిలే ఒడ్లకు ఇది పనికిరాదు. అక్కడ షీటు దిగదు. తీగ బుట్టల్లో రాళ్లు నింపి మెట్లుగా పేర్చే గేబియాన్ గోడ చవక, నీళ్లూ వాటంతటవే కారిపోతాయి.