మల్లి బొమ్మ: పాలకొల్లులో గీయించుకున్న ఆక్రిలిక్ చిత్తరువు

మల్లి మా ఇంట్లో పదకొండేళ్లు పెరిగిన నాటుకుక్క. గోధుమ రంగు ఒళ్లు, నల్లని మూతి, సగానికి వాలిన ఎడమ చెవి దాని గుర్తులు. అది పోయిన రెండు నెలలకు, రాజోలు నుంచి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వెళ్లి, పెంపుడు జంతువుల చిత్తరువులు గీసే ఒక చిత్రకారుడికి దాని బొమ్మ గీయమని అప్పగించాను. 12 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు ఉన్న కాన్వాసు మీద గీయడానికి ఫ్రేముతో కలిపి 4,500 రూపాయలు తీసుకున్నారు.

రాజమండ్రిలోని దామెర్ల రామారావు చిత్రశాలలో తైలవర్ణ చిత్రాలు చూసి ఉన్నందువల్ల, నేను మొదట తైలవర్ణమే అడిగాను. నూనె రంగు పొర ఆరడానికి రోజులు పడుతుందని, ఆక్రిలిక్ అయితే నీళ్లు ఆవిరి కాగానే గట్టిపడుతుంది కాబట్టి బొచ్చును పొర మీద పొరగా కట్టుకుంటూ రావచ్చని ఆయన వివరించారు.

తీసుకెళ్లిన ఫొటోల్లో చాలావాటిని ఆయన పక్కన పెట్టేశారు. నిలబడి పైనుంచి తీసినవాటిలో తల పెద్దదిగా, కాళ్లు పొట్టిగా కనిపిస్తున్నాయి. ఫ్లాష్‌తో తీసినవాటిలో నీడలు పోయి ముఖం చదునైపోయింది. చివరికి పనికివచ్చింది ఒక్కటే. మా అమ్మాయి వీధి అరుగు మీద కూర్చుని, కుక్క కంటి ఎత్తులో, పొద్దుటి వెలుతురు ఎడమ పక్కనుంచి పడుతుండగా తీసిన ఫొటో అది. ఈ సంగతి ఫోనులోనే చెప్పి ఉంటే నాకు ఒక ప్రయాణం తప్పేది.

పని జరుగుతుండగా రెండుసార్లు వెళ్లి చూశాను. జెస్సో అనే తెల్లని అడుగుపూత పూసిన కాన్వాసు మీద పలుచని మట్టిరంగు పూత వేసి, ముందు ముదురు నీడలను, తరువాత నడిమి రంగులను నింపి, లేత వెంట్రుకలను అన్నిటికన్నా చివర సన్నని పొడుగు కుంచెతో లాగారు. వెంట్రుక ఏ వైపుకు పెరిగితే కుంచెను ఆ వైపుకే లాగడం వల్ల, మెడ దగ్గర బొచ్చు సుడి తిరిగే చోటు కూడా అచ్చంగా కుదిరింది. మూతికి నల్లరంగు ట్యూబు ముట్టలేదు. బర్ంట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగులో అల్ట్రామెరీన్ నీలం కలిపి తయారుచేసిన ఆ నలుపులో, పొద్దుటి వెలుతురుకు వచ్చే నీలిఛాయ నిలిచింది. ఎండాకాలం కావడంతో పళ్లెంలో రంగు చూస్తుండగానే బిగుసుకుపోతుంటే, కింద తడికాగితం పరిచి, మధ్యమధ్య నీళ్లు చిలకరించుకుంటూ పనిచేశారు. ఆక్రిలిక్ తడిగా ఉన్నప్పటికన్నా ఆరాక ఒక ఛాయ ముదురుతుంది కాబట్టి, ప్రతి మిశ్రమాన్నీ ముందు చిన్న ముక్క మీద ఆరనిచ్చి చూసుకున్నారు. ఈ ఓపికను నేను ఎంతగానో మెచ్చుకున్నాను.

లోపం కళ్ల దగ్గర వచ్చింది. రెండు కళ్లలోనూ ఒకే చోట, ఒకే పరిమాణంలో తెల్లచుక్కలు పెట్టడంతో అవి గాజుగోళీల్లా కనిపించాయి. వెలుతురు ఎడమ పక్కనుంచి వస్తోందని, పైరెప్ప నీడ కంటిపాప మీద పడాలని ఫొటో చూపించి చెప్పాను. “అవునండి, తప్పు నాదేనండి” అని ఒప్పుకొని, నా ముందే ఆ భాగం కప్పేసి, మరునాటికి మళ్లీ గీశారు. ఇప్పుడు కుడికంటి మెరుపు చిన్నదిగా, మసకగా ఉంది. ఆ మార్పుతోనే మల్లి చూపు వచ్చింది. ఇంటికి తెచ్చిన రోజు మా అమ్మ ఆ కళ్లను చూసి చాలాసేపు మాట్లాడలేదు.

పదిహేను రోజుల్లో ఇస్తామన్న బొమ్మ ఇరవై నాలుగు రోజులకు వచ్చింది. అది నాకు పెద్ద ఇబ్బంది కాలేదు గాని, నన్ను అడగకుండా మెరుపు వార్నిష్ పూయడం మాత్రం సరికాదు. ఎదురుగా కిటికీ ఉన్న గోడకు తగిలిస్తే పగటిపూట కుక్క కన్నా కిటికీయే ఎక్కువగా కనిపిస్తోంది. మన వైపు ఇళ్లలో పెద్ద కిటికీలు మామూలే కాబట్టి, మెరుపు లేని వార్నిష్ కావాలని ముందే చెప్పడం మంచిది. ఫ్రేము వెనక వేసిన పలుచని అట్ట కూడా మన వానాకాలపు తేమకు బూజు పట్టేదే. నేను నాలుగు మూలల్లోనూ బిరడా ముక్కలు అంటించి, గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడేలా తగిలించాను.

ఇన్ని చెప్పినా, వాలిన ఆ ఎడమ చెవి అంచున పలచబడిన బొచ్చులోంచి గులాబిరంగు చర్మం తొంగిచూడడాన్ని అంత శ్రద్ధగా పట్టుకున్న మనిషి చేతికి మరో బొమ్మ అప్పగించడానికి నాకు సంకోచం లేదు. మా ఆవు బొమ్మకు కూడా ఆయనకే చెప్పాను. ఈసారి కంటి ఎత్తులో తీసిన ఫొటోలే పంపాను, వార్నిష్ సంగతి ముందే మాట్లాడుకున్నాను.