పుణె బొమ్మరైలు, మాథేరాన్ చిన్నరైలు: దంపతులుగా చూసొచ్చినవి

మావారికి బొమ్మరైళ్లంటే పిచ్చి. ఇంజను, పట్టాలు, వైరింగ్, ఇవి తప్ప మరో ధ్యాస ఉండదు. నా సంగతి వేరు. నాకు రైలు పక్కన ఊరు కావాలి. చెరువు గట్టున గుడి, స్టేషన్ బయట టీ బడ్డీ, గేటు పడితే ఆగిన ఎడ్లబండి, ఇవన్నీ ఉంటేనే రైలుకి అందం. ఒక సంక్రాంతికి బొమ్మల కొలువు కింది మెట్టు ముందు ఆయన పట్టాలు పరిచి రైలు తిప్పారు. పేరంటానికి వచ్చినవాళ్లు నా బొమ్మల్ని వదిలేసి రైలు ముందు కూర్చున్నారు. అప్పట్నుంచి ఈ పిచ్చి ఇద్దరిదీ అయింది. ఇప్పుడు హైదరాబాద్‌లో మా పెద్దవాడి గదిలో మంచం పోయి ఎనిమిదడుగుల ప్లైవుడ్ బల్ల వచ్చింది. బల్ల కింద వైర్లు ఆయనవి, పైన మట్టీ చెట్లూ మనుషులూ నావి.

ఈ చలికాలం ఇద్దరికీ నచ్చేలా మహారాష్ట్రలో పుణె, కర్జత్, దాని దగ్గర్లోని కొండ ఊరు మాథేరాన్ తిరిగొచ్చాం. ఇలాంటి ట్రిప్పుల్లో ఒకరు ఇంజన్లు చూస్తుంటే ఇంకొకరు బయట బెంచీ మీద ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం మామూలే. అందుకని ఒక్కోచోట ఆయనకెంత దక్కిందో, నాకెంత దక్కిందో కూడా రాస్తున్నాను.

సికింద్రాబాద్ నుంచి పుణెకి శతాబ్దిలో వెళ్లాం. దీనికి 2022 నుంచి విస్టాడోమ్ పెట్టె కూడా ఉంది. పెద్ద పెద్ద అద్దాలు, తిరిగే కుర్చీలు. ఆయన పట్టుబట్టి అందులోనే బుక్ చేశారు. బండి మధ్యాహ్నం బయల్దేరుతుంది కాబట్టి వికారాబాద్ అడవి, తాండూరు దాటాక నాపరాళ్ల గనులు బాగానే కనిపిస్తాయి. కలబురగి దాటేసరికి చీకటి పడిపోయి, ఆ తర్వాత అద్దాల్లో మన మొహాలే. చలికాలంలో ఆ అదనపు డబ్బు దండగని నా అభిప్రాయం. ఆయన ఒప్పుకోరు. అదే పెట్టెలో పగటిపూట అరకు వెళ్తే పైసా వసూల్.

బండి పుణె చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. ఆ వేళప్పుడు ఎక్కడికో పోవడమెందుకని స్టేషన్ ఎదుట సందులో ఒక లాడ్జి తీసుకున్నాం. ఫొటోల్లో ఉన్న గది ఒకటి, ఇచ్చిన గది ఒకటి. కిటికీ తెరిస్తే పక్క హోటల్ వంటింటి పొగ. తెల్లవార్లూ ఆటోల హారన్లు. మర్నాడు పొద్దున్నే ఖాళీ చేసి డెక్కన్ అనే ప్రాంతం వైపు మధ్యరకం హోటల్‌కి మారాం. డబ్బు కొంచెం ఎక్కువైనా గది శుభ్రం, పొద్దున పోహా, ఉప్మా, మంచి ఫిల్టర్ కాఫీ. రాత్రి పన్నెండైనా సరే, నేరుగా అటే వెళ్లండి. స్టేషన్ దగ్గర మిగిలేదేమీ లేదు.

పుణెకి వెళ్లిందే కోథ్రూడ్‌లోని జోషీస్ మ్యూజియం ఆఫ్ మినియేచర్ రైల్వే కోసం. స్టేషన్ నుంచి మెట్రో ఎక్కి నల్ స్టాప్‌లో దిగి ఆటో పట్టుకుంటే సరిపోతుంది. బయటినుంచి చూస్తే మ్యూజియం అనిపించదు, మామూలు వీధిలో మామూలు బిల్డింగ్. బి.ఎస్. జోషి అనే ఆయన సొంత సరదాగా మొదలుపెట్టిన ఈ బుల్లి నగరం 1998లో శాశ్వత మ్యూజియమైంది. ఇక్కడ మనంతట మనం తిరిగి చూడటం ఉండదు. సినిమాలాగా షో వేస్తారు, అదీ అరగంటలోపే. వెళ్లేముందు ఫోన్ చేసి షో ఎన్నింటికో కనుక్కోండి, లేకపోతే మెట్ల మీద కూర్చోవాల్సి వస్తుంది. టికెట్టు మల్టీప్లెక్స్ సినిమా కంటే చవక.

లోపల ఒక హాలు, మధ్యలో నగరం, చుట్టూ మనం. వ్యాఖ్యానం నడుస్తుంటే ఒక్కోటీ కదలడం మొదలవుతుంది. పొగ వదిలే ఆవిరి ఇంజను, డీజిల్ బండి, బుల్లెట్ రైలు. పైన ఉక్కు దూలానికి వేలాడుతూ పోయే రైలు కూడా ఉంది. జర్మనీలో వుప్పర్‌తాల్ అనే ఊళ్లో నది మీదుగా 1901 నుంచి నడుస్తున్న వేలాడే రైలు లాంటిదే ఇది. తాడు లాగితే కొండెక్కే ఫ్యునిక్యులర్ రైలు, ఫ్లైఓవర్లు, సర్కస్, ఈతకొలను, కారులో కూర్చుని సినిమా చూసే డ్రైవ్-ఇన్ థియేటర్. ఆ తర్వాత హాల్లో లైట్లు తగ్గించి నగరంలో రాత్రి చేస్తారు. వీధి దీపాలు, ఇళ్ల కిటికీలు, సిగ్నళ్లు అంచెలంచెలుగా వెలుగుతుంటే పక్కనున్న పిల్లలు 'ఓ' అని అరిచారు. నేనూ అరిచాననే మావారు అంటారు.

ఆయన మాత్రం షో అంతా సిగ్నళ్లే చూశారట. ఒక బండి ముందున్న సెక్షన్‌లోకి, అంటే తర్వాతి పట్టాల ముక్కలోకి వెళ్తే వెనక సిగ్నల్ ఎర్రగా మారి రెండో బండి దానంతటదే ఆగడం, ముందుది దాటాక కదలడం. మా బల్ల మీద ఆ ఆటోమేటిక్ ఆపుడు కోసం చాన్నాళ్లుగా తంటాలు పడుతున్నారు. నేను చూసింది వేరు. ఇంత నగరంలోనూ ఎక్కువ భాగం విదేశీ ఊరి పోలికే. ఆ వాలు కప్పులు, ఆ మేడలు మనవి కావు. అరుగు మీద ముచ్చట్లాడుకునే ఆడవాళ్లు, ప్లాట్‌ఫారం మీద మూటలతో పడుకున్న కుటుంబం కనిపించలేదు. ఇది తప్పు పట్టడం కాదు. ఈ సామానంతా ఎక్కువగా జర్మనీ, ఇంగ్లండ్‌ల నుంచే వస్తుంది, డబ్బాలో ఉన్న ఇల్లే బల్ల మీదికెక్కుతుంది. మనూరు కావాలంటే అట్టముక్కా కత్తెరా పట్టుకుని మనమే చేసుకోవాలి.

పట్టాల సంగతీ అంతే. మన బొమ్మరైళ్లలో ఎక్కువగా వాడేది 1:87 కొలత, అంటే అసలు రైలులో 87వ వంతు, దాన్ని హెచ్ఓ అంటారు. దాని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. విదేశాల్లోని స్టాండర్డ్ గేజ్‌కి అది సరిగ్గా సరిపోతుంది. మన బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు కదా, దాన్ని 87తో భాగిస్తే 19 పైన రావాలి. అంటే మన ఇంజను బొమ్మ ఎంత ముచ్చటగా చేసినా అది నిలబడేది కాస్త ఇరుకు పట్టాల మీదే. ఇది చెప్పడం మొదలుపెడితే మావారు ఆగరు. షో అయ్యాక మ్యూజియం దుకాణంలో ఒక పెద్దాయనతో ఇదే పాఠం. నేను ఈలోపు బుల్లి మనుషుల పాకెట్లు చూశాను, ధర చూసి పెట్టేశాను. ఎండిన తులసి కొమ్మకి పచ్చరంగు స్పాంజి తురుము అంటిస్తే నాకు చెట్టు వస్తుంది, మనుషుల్ని అగ్గిపుల్లలతో చేసుకుంటాను. మ్యూజియానికి ఒక్క పూట చాలు. ఇద్దరికీ సమానంగా దక్కింది.

కర్జత్ గురించి ఏ ట్రావెల్ పుస్తకంలోనూ రాయరు. ముంబై వైపు వెళ్తూ లోనావలా తర్వాత భోర్ ఘాట్ దిగితే వచ్చే జంక్షన్ అది. ఘాట్ మీద రైలు 1863 నుంచి నడుస్తోంది, వాలు 37కి 1. అంటే 37 మీటర్లు ముందుకెళ్తే 1 మీటరు పైకి. వినడానికి ఏముందిలే అనిపిస్తుంది. మా ఎనిమిదడుగుల బల్ల మీద అదే వాలు పెడితే ఆ చివరకి లేచేది ఆరున్నర సెంటీమీటర్లు మాత్రమే. ఆ మాత్రం ఎత్తుకే మా ఇంజను ఆరు పెట్టెలు తగిలిస్తే చక్రాలు గిర్రున తిరుగుతూ ఉన్నచోటే ఉండిపోతుంది. మరి ఇరవై పైచిలుకు పెట్టెల బండి ఎలా ఎక్కుతుంది?

దానికి జవాబు కర్జత్ ప్లాట్‌ఫారం మీద కనిపిస్తుంది. పుణె వైపు పోయే బండి వచ్చి ఆగుతుంది. కాసేపటికి వెనకనుంచి జంటగానో మూడు కలిసో ఎలక్ట్రిక్ ఇంజన్లు మెల్లగా వచ్చి చివరి పెట్టెకి ఆనుకుంటాయి. వీటిని బ్యాంకర్లంటారు. ముందు ఇంజను లాగుతుంటే ఇవి వెనకనుంచి నెడతాయి, ఘాట్ ఎక్కాక విడిపోతాయి. ఇంజన్లన్నీ ముందువైపే తగిలించొచ్చు కదా అని నేనడిగితే మావారు విప్పి చెప్పారు. మొత్తం బరువు ముందువైపు కొక్కేల మీదే పడితే అవి తెగే ప్రమాదం ఉంది, తెగితే వెనక పెట్టెలు ఘాట్ కిందికి జారతాయి. వెనక ఇంజను ఉంటే లాగుడు భారం సగం తగ్గుతుంది, జారకుండా అడ్డమూ ఉంటుంది. అంత పెద్ద ఇంజన్లు చివరి పెట్టెని తాకేటప్పుడు వినపడీ వినపడని 'టక్' అన్న చప్పుడు తప్ప లోపల కూర్చున్నవాళ్లకి తెలియనే తెలియదు. ఒకావిడ చేతిలో టీ కూడా తొణకలేదు.

ప్లాట్‌ఫారం టికెట్టుతో, వేడి వడాపావ్‌తో అక్కడ మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఆయనకి నూటికి నూరు. నాకూ తక్కువేం కాదు. వడాపావ్ బుట్టలవాళ్లు బండి ఆగే క్షణాన్ని బట్టి ఎక్కడ నిలబడాలో ముందే చూసుకుని పరుగెత్తడం, ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి చేతులు బయటికి రావడం, నా బల్ల మీద స్టేషన్‌కి కావాల్సిన కళ అదే. కూర్చోడానికి నీడ ఉంది. ఆడవాళ్ల వెయిటింగ్ రూమ్ ఎక్కడుందో ముందే చూసిపెట్టుకోండి.

కర్జత్ నుంచి లోకల్ ఎక్కితే నేరళ్ కొద్ది నిమిషాలే. చాలా ఎక్స్‌ప్రెస్‌లు నేరళ్‌లో ఆగవు కాబట్టి పుణె నుంచి వచ్చేవాళ్లు ఇలా మారాల్సిందే. మాథేరాన్ చిన్నరైలు ఇక్కడ మొదలవుతుంది. పట్టాల మధ్య రెండడుగులే దూరం. 21 కిలోమీటర్ల దారి, 1907లో తెరిచారు. ప్రభుత్వం కాదు, ఆదమ్‌జీ పీర్‌భాయ్ అనే ముంబై వ్యాపారి కుటుంబం సొంత డబ్బు పెట్టి వేయించింది. ఆరంభంలో నడిపిన ఆవిరి ఇంజన్లు జర్మనీ నుంచి ఓరెన్‌స్టైన్ అండ్ కోపెల్ కంపెనీ చేసి పంపినవి. ఇప్పుడు డీజిల్. కొన్నిచోట్ల వాలు 20కి 1. అయినా ఊటీ రైలులో లాగా మధ్యలో రంపంలా పళ్లున్న పట్టా లేదు, చక్రాల పట్టుతోనే ఎక్కుతుంది. వంపులు మరీ చిన్నవి, కాబట్టి పెట్టెలు పొట్టివి, నడక మెల్లగా. రెండున్నర గంటలు పైనే పడుతుంది.

టికెట్ల విషయం జాగ్రత్త. మేం వెళ్లినప్పుడు నేరళ్ కౌంటర్‌లో బండి వేళకి కాస్త ముందే ఇచ్చారు, క్యూ మాత్రం అంతకు చాలాముందే మొదలైంది. ఒకరు క్యూలో, ఒకరు సామాన్ల దగ్గర ఉంటేనే సాగుతుంది. సీట్లు ఇరుకు. పొడుగువాళ్లకి మోకాళ్లు ఎదుటివాళ్ల ఒళ్లోకి వస్తాయి. నడుం నొప్పులున్న పెద్దవాళ్లు టాక్సీలో దస్తూరి నాకా దాకా వచ్చి, అక్కడి అమన్ లాడ్జ్ స్టేషన్ నుంచి చివరి మూడు కిలోమీటర్లూ షటిల్ ఎక్కడం మేలు. వానాకాలంలో నేరళ్ నుంచి పూర్తి బండి ఆపేస్తారు, షటిల్ ఒక్కటే.

దారిలో జుమ్మాపట్టి, వాటర్ పైప్ అని బుల్లి స్టేషన్లు. ఆయన లోయ వైపు కిటికీలోంచి వంపులు చూస్తూ ఒకచోట బండి ముందు భాగం మన పక్కకే తిరిగి రావడం వీడియో తీశారు. దారి మొత్తానికి ఒకటే సొరంగం, చాలా చిన్నది, దాన్ని అందరూ 'వన్ కిస్ టన్నెల్' అంటారు. పక్క పెట్టెలో కాలేజీ పిల్లలు ఈలలు వేశారు. మావారేమో టార్చి వేసి సొరంగం గోడకీ పెట్టెకీ ఎంత ఖాళీ ఉందో చూస్తున్నారు. "ఏవండీ, ఈ సొరంగం పేరేంటో తెలుసా?" అన్నాను. "క్లియరెన్స్ జానెడు కూడా లేదే!" అన్నారు.

మాథేరాన్‌లో మోటారు బళ్లు నిషేధం. నడక, గుర్రం, ఇదివరకైతే చేత్తో లాగే రిక్షా, ఈమధ్య కొద్దిగా ఈ-రిక్షాలు. ఎర్రమట్టి దారులు, చల్లటి గాలి. ఆ మట్టి రంగు చూశాకే నా బల్ల మీది మట్టి తప్పని తెలిసింది. కావి రంగులో కొంచెం పసుపు కలపాలి. గుర్రాల బేరం విసిగిస్తుంది, రేటు ముందే ఖాయం చేసుకోవాలి. కోతులు చేతిలో సంచీ కనిపిస్తే వదలవు.

బస మాత్రం నిరాశే. రెండు పూటల భోజనంతో కలిపి రోజుకి అయిదు వేలు దాటింది. 'వ్యాలీ వ్యూ' అన్నది బాత్రూం కిటికీలోంచి మెడ వంచితే కనిపించింది. వేడినీళ్లు పొద్దున రెండు గంటలే. వంట గుజరాతీ పద్ధతి, పప్పు కూడా తియ్యగా. ఆవకాయ సీసా తీసుకెళ్లినందుకు మావారు నన్ను మొదటిసారి మెచ్చుకున్నారు. ఒక్క మంచి మాట చెప్పాలంటే వసారా. అక్కడ కూర్చుంటే కింద స్టేషన్‌లోకి బండి వచ్చే హారన్ వినిపిస్తుంది, ఆయన చెప్పులేసుకుని పరుగు. ఒక రాత్రి చాలు. శని, ఆదివారాలు, డిసెంబరు ఆఖరి వారం వద్దే వద్దు, రేట్లు రెట్టింపవుతాయి.

రెండు రోజులే వీలైతే పుణె మ్యూజియం, కర్జత్ చూసి వెనక్కి వచ్చేయండి. ఖర్చు తక్కువ, ఇద్దరికీ సరిపడా ఉంది. మూడో రోజుంటే మాథేరాన్ రైలు ఎక్కండి, కానీ పొద్దున బండికి వెళ్లి షటిల్‌లో దిగి సాయంత్రానికి నేరళ్ చేరేలా చూసుకోండి, హోటల్ బెడద ఉండదు. మా బల్ల మీద ఇప్పుడు కొత్త తగాదా నడుస్తోంది. వాలు పెట్టి బ్యాంకర్ కోసం రెండో ఇంజను కొనాలని ఆయన. ఆ డబ్బుతో వడాపావ్ బుట్టలతో సహా కర్జత్ ప్లాట్‌ఫారం కట్టాలని నేను. ఇంకా తేలలేదు.